డమాస్కస్ కత్తికి బీదరు పిడి

గృహప్రవేశానికి ఒక కుంకుమభరిణె, పదవీ విరమణ చేసినవారికి శాలువాతో పాటు ఒక పూలకూజా, విదేశాలకు వెళ్ళే పిల్లల పెట్టెలో ఒక నల్లటి ఏనుగుబొమ్మ - బీదరు పనితో మనలో చాలామందికి ఉన్న పరిచయం ఇంతవరకే. నల్లని నేల మీద వెండి తీగెలతో మెరిసే ఆ వస్తువు అద్దాల బీరువాలో చేరుతుంది. చుట్టాలు వచ్చినప్పుడు "ఇది బీదరు పని అండీ" అని ఒకసారి చెప్పుకుంటాం. అంతటితో దాని పని అయిపోతుంది. అదే పనితనం రోజూ వంటింట్లో కూరలు తరిగే కత్తికి ఎక్కితే ఎలా ఉంటుంది? ఈ ఆలోచన నాది కాదు, మా తమ్ముడిది.

మా వారి ఉద్యోగరీత్యా మేము బీదరులో స్థిరపడి ఇరవై ఏళ్ళు దాటింది. హైదరాబాదు నుంచి సుమారు 140 కిలోమీటర్ల దూరం. 1956 వరకు ఈ జిల్లా హైదరాబాదు రాష్ట్రంలోనిదే. రాష్ట్రాల పునర్విభజనలో జహీరాబాదు, నారాయణఖేడ్ వైపు ఆంధ్రప్రదేశ్‌కు (ఇప్పుడు తెలంగాణకు) వెళ్ళాయి, బీదరు కన్నడదేశంలో కలిసింది. అందుకే ఇక్కడి బజారులో కన్నడం, దక్కనీ ఉర్దూ, మరాఠీ, తెలుగు ఒకే బేరంలో వినిపిస్తాయి. ఇంటికి దూరంగా ఉన్నామన్న బెంగ నాకు ఎప్పుడూ కలగలేదు.

మా తమ్ముడు అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో కంప్యూటర్ ఇంజనీరు. శని, ఆదివారాల్లో మాత్రం కమ్మరి. నేను వేళాకోళానికి అనడం లేదు. ఇంటి గ్యారేజీలో గ్యాసు కొలిమి, దాగలి, సమ్మెట పెట్టుకుని నాలుగేళ్ళుగా కత్తులు చేస్తున్నాడు. ఒకనాడు ఫోను చేసి, "అక్కా, అమ్మకు ఒక కత్తి చేస్తున్నా. అలకు డమాస్కస్ ఉక్కు. పిడికి మాత్రం మీ ఊరి పని ఉండాలి. ఎవరు చేస్తారో కనుక్కో" అన్నాడు.

అమ్మ అరవై ఏళ్ళు కత్తిపీట ముందు కూర్చుని కూరలు తరిగిన మనిషి. మోకాళ్ళ నొప్పుల వల్ల ఇప్పుడు కింద కూర్చోలేదు. గట్టు దగ్గర నిలబడి చాకుతో తరగడం ఆమెకు ఎంతకీ అలవాటు కావడం లేదు. "ఈ చాకు చేతిలో ఉన్నట్టే ఉండదు బిడ్డా" అని నాతో చాలాసార్లు అన్నది. బరువూ పట్టూ సరిపోయే కత్తి ఆమె చేతి కొలతకు చేయించాలని తమ్ముడి పట్టుదల. ఆ కత్తి పుణ్యాన నేను తెలుసుకున్న సంగతులు మన పత్రిక చదివే కుటుంబాలకు పనికివస్తాయని ఇది వ్రాస్తున్నాను.

డమాస్కస్ అంటే ఏమిటి?

డమాస్కస్ సిరియా దేశపు రాజధాని. ఆ పేరుతో ప్రసిద్ధికెక్కిన పాతకాలపు కత్తుల అలుగు మీద నీటి అలల్లాంటి చారలు కనిపిస్తాయి. ఎవరూ గీసినవి కావు, ఉక్కులోనే పుట్టినవి. ఆ కత్తులను సాగగొట్టినవారు పర్షియా, సిరియా వైపు పనివారు కావచ్చు గాని, ఆ ఉక్కు ముద్దల్లో చాలా భాగం మన దక్షిణ దేశం నుంచే ఓడలెక్కి వెళ్ళింది. ఇంగ్లీషువాళ్ళు దానిని 'వూట్జ్' అన్నారు. ఆ మాట మన 'ఉక్కు'కు వచ్చిన వికృత రూపమే అంటారు.

ఈ ఉక్కును మూసలో కరిగించి చేసేవారు. ఇనుప ముక్కలను, కట్టెను, ఆకులను మట్టి మూసలో పెట్టి, నోరు మూసి, తిత్తులతో గంటల తరబడి ఊదితే ఇనుము కర్బనాన్ని పీల్చుకుని కరుగుతుంది. నెమ్మదిగా చల్లారాక మూస పగలగొడితే గుండ్రని ఉక్కు ముద్ద దొరుకుతుంది. దానిలో నూటికి సుమారు ఒకటిన్నర పాళ్ళు కర్బనం ఉంటుంది. దానిని మరీ ఎర్రగా కాల్చకుండా, తక్కువ వేడి మీద ఓపికగా సాగగొడితే చారలు తేలతాయి. తెల్లగా మండేదాకా కాలిస్తే సమ్మెట కింద పొడి అవుతుంది. ఐరోపా కమ్మరులు చాలామందికి ఇది కొరుకుడు పడకపోవడానికి అదే కారణం. 1819లో మైకేల్ ఫారడే అంతటివాడు మన ఉక్కును పరీక్షించి వ్యాసం వ్రాశాడు. ఆయన కమ్మరి కొడుకే. 1998లో అమెరికాలో వెర్హోవెన్ అనే శాస్త్రవేత్త, పెండ్రే అనే కత్తుల పనివాడు కలిసి ఒక సంగతి తేల్చారు. ముడి ఇనుములో వనేడియం వంటి లోహం అతి స్వల్పంగా ఉండబట్టే ఆ చారలు వరుస కట్టాయట. గని మారితే చార మాయమవుతుంది.

ఇప్పుడు అంగళ్ళలో డమాస్కస్ పేరుతో దొరికేది చాలావరకు ఈ ఉక్కు కాదు. రెండు రకాల ఉక్కు రేకులను పొరలుగా అతికి చేసేది. అదీ పాత విద్యే. బిల్ మోరన్ అనే అమెరికన్ 1973లో అలాంటి కత్తులను ప్రదర్శనకు పెట్టాక అది మళ్ళీ వాడుకలోకి వచ్చింది. మా తమ్ముడు చేసింది కూడా ఈ రెండో రకమే. "మన ఉక్కు అని చెప్పుకుని అమ్మకు ఇవ్వను, అబద్ధమవుతుంది" అని వాడు మొదటే అన్నాడు.

గ్యారేజీలో కొలిమి

వాడు ఫోనులో వీడియో పెట్టి చూపించిన పని ఇది. కర్బనం ఉన్న మామూలు ఉక్కు రేకులు నాలుగు, నికెల్ కలిసిన ఉక్కు రేకులు మూడు, ఒకదాని మీద ఒకటి పేర్చాడు. మొత్తం ఏడు పొరలు. కొలిమిలో ఎర్రబడగానే పైన వెలిగారం చల్లాడు. మన కంసాలులు టంకం పెట్టేటప్పుడు వాడే వెలిగారమే. అది కరిగి పారి, పొరల మధ్య తుప్పు చేరకుండా కాపాడుతుంది. సుమారు 1,200 డిగ్రీల వేడిలో పసుపుపచ్చగా మెరుస్తున్నప్పుడు సమ్మెటతో అద్ది కొడితే ఏడు రేకులూ ఒక్కటవుతాయి. మొదటి దెబ్బలు గట్టిగా వేయకూడదట, పొరలు జారిపోతాయి.

ఆ దిమ్మెను సాగగొట్టి, నాలుగు ముక్కలు చేసి, మళ్ళీ పేర్చి అతికితే 28 పొరలు. ఇంకొకసారి అలాగే చేస్తే 112. అక్కడితో ఆపి, రెండు వైపులా అడ్డంగా గాళ్ళు తీసి, మళ్ళీ చదునుగా కొట్టాడు. అప్పుడు లోపలి పొరలు పైకి ఉబికి నిచ్చెనమెట్లలా వరుస తీరతాయి. దిమ్మెను మెలితిప్పితే సుడులు వస్తాయి. చిన్న చిన్న గుంటలు తవ్వి కొడితే వానచినుకులు వస్తాయి. మనం ముగ్గులో చుక్కలు ముందు పెట్టి గీత తరువాత కలుపుతాం కదా, ఇక్కడ కూడా ముందు అనుకున్నదే చివరికి తేలుతుంది.

కత్తి ఆకారం వచ్చాక పదును పట్టించడం. సుమారు 800 డిగ్రీలు కాల్చి గోరువెచ్చని నూనెలో ముంచుతారు. ఆ వేడిలో ఇనుముకు అయస్కాంతం అంటుకోదు, కొలమానం లేని కమ్మరికి అదే గుర్తు. నూనెలోంచి తీసిన కత్తి గాజులా పెళుసుగా ఉంటుంది. అందుకని మళ్ళీ 200 డిగ్రీల దగ్గర రెండు గంటల చొప్పున రెండుసార్లు వేడిచేసి ఆ పెళుసుతనం తగ్గిస్తారు. వాడు ఇందుకు వాడింది కేకులు చేసే ఓవెన్. ఆ రెండు రోజులు మరదలు వంటింటి ఛాయలకు పోలేదట!

ఇంత చేసినా కత్తి మామూలు స్టీలు కత్తిలాగే తెల్లగా ఉంది. ఒక్క గీత లేదు. చివరికి ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణంలో ముంచాడు. మామూలు ఉక్కు పొరలు నల్లబడ్డాయి. నికెల్ పొరలు తెల్లగానే నిలిచాయి. చూస్తుండగానే మెట్లు మెట్లుగా అలలు పైకి వచ్చాయి. ఇన్ని వారాల శ్రమకు ఫలితం ఆ పది నిమిషాల్లో తేలింది.

కోట మట్టి రుచి

ఇక నా వంతు. బీదరు పాతబస్తీలో చౌబారా బురుజు దగ్గరి వీధుల్లో ఈ పనివారి అంగళ్ళు ఉన్నాయి. బహమనీ సుల్తానులు గుల్బర్గా నుంచి రాజధానిని బీదరుకు మార్చిన 15వ శతాబ్దిలో ఈ పని ఇక్కడ వేళ్ళూనింది. ఇరాన్ నుంచి వచ్చిన పనివారు నేర్పారని ఇక్కడివారు చెబుతారు. నేను వెళ్ళినది ఒక పెద్దాయన దగ్గరికి. తాతలనాటి నుంచి ఇదే వృత్తి. నేను కోరింది విని, "కత్తి పిడికా బహెన్‌జీ? మా తాత చేసేవాడని విన్నాను. నేను చేసినవన్నీ పూలకూజాలే" అని నవ్వాడు.

పిడి అంతా బీదరు లోహంతో చేస్తే బరువెక్కుతుంది, పైగా కిందపడితే పగులుతుంది. అందుకని రోకలికి పొన్ను వేసినట్టు, చెక్క పిడికి రెండు కొసలా రెండు పొన్నులు వేయాలని నిర్ణయించాం. ఆయన పని ముగించేలోగా నేను ఆరుసార్లు వెళ్ళి కూర్చున్నాను.

లోహం పదహారు పాళ్ళు తుత్తునాగం, ఒక పాలు రాగి. ఆముదం, గుగ్గిలం కలిపిన మెత్తటి ఇసుకలో అచ్చు తీసి, కరిగిన లోహం పోస్తారు. చల్లారాక ఆకురాయితో నునుపు చేస్తారు. అప్పుడది వెండిలా తెల్లగా ఉంటుంది, గీసిన గీత కనబడదు. అందుకని మైలుతుత్తం నీళ్ళు పూసి తాత్కాలికంగా నల్లబరుస్తారు. దాని మీద సూదిమొన కలంతో, కాగితమూ కొలబద్దా లేకుండా, ఆయన ఒక లత గీశాడు. తరువాత చిన్న చిన్న ఉలులతో ఆ గీత వెంట గాడి తొలిచి, అందులో వెండి తీగె పెట్టి సుత్తితో తట్టాడు. దీనిని తార్‌కశీ అంటారు. జిగురు లేదు, టంకం లేదు. గాడి అంచుల పట్టు మీదనే తీగె నిలుస్తుంది. మళ్ళీ ఆకురాయి పట్టేసరికి మైలుతుత్తం నలుపు పోయి, లోహమూ వెండీ ఒకే తెలుపులో కలిసిపోయాయి. లత మాయమైంది.

ఇక మిగిలింది బీదరు కోట మట్టి. ఎండా వానా తగలని కోట లోపలి చీకటి మూలల నుంచి ఆ మట్టి తెస్తారు. ఆయన చిటికెడు నాలుక మీద వేసుకుని, "ఇది పనికొస్తుంది" అని తల ఊపాడు. ఉప్పూ చేదూ ఎంత ఉండాలో ఆయన నాలుకకే తెలుసు. ఆ మట్టిని నవాసాగరంతో నీళ్ళలో కలిపి, కొద్దిగా వేడిచేసిన పొన్ను మీద రుద్దాడు. మట్టిలోని లవణాలు, నవాసాగరం కలిసి తుత్తునాగం లోహాన్ని నల్లబరుస్తాయి, వెండిని ఏమీ చేయవు. కడిగి కాస్త నూనె రాసేసరికి అమావాస్య ఆకాశం మీద మెరుపుతీగెలా లత వెలిగింది.

అప్పుడు నాకు తట్టింది. మిషిగన్‌లో తమ్ముడు చేసిందీ, బీదరులో ఈ పెద్దాయన చేసిందీ ఒకటే పని. రెండు లోహాలను ఒకటి చేయడం, రెండింటికీ ఒకే స్నానం చేయించడం. ఒకటి నల్లబడుతుంది, రెండోది నిలుస్తుంది. ఆ తేడాయే బొమ్మ. పైన పూసిన రంగేదీ లేదు.

ఏది ముందు, ఏది వెనుక

దసరా సెలవులకు తమ్ముడు వచ్చాడు. కత్తి అలుగును పెద్దపెట్టెలో సర్దుకుని తెచ్చాడు. చేతిసంచిలో కత్తి ఉంటే విమానం ఎక్కనివ్వరు, పిల్లలకు చెప్పి పెట్టండి.

ఇద్దరు పనివారూ ముందే ఒక మాట అనుకున్నారు. నేను మధ్యవర్తిని, ఇటు దక్కనీ, అటు తెలుగు. కత్తిని ముంచే ద్రావణం తుత్తునాగాన్ని తినేస్తుంది. పొన్నును నల్లబరిచే మట్టి, నవాసాగరం ఉక్కుకు తుప్పు పట్టిస్తాయి. ఇక కత్తికి పదును పట్టించే 800 డిగ్రీల ముందు, 420 డిగ్రీలకే కరిగే తుత్తునాగం ఒక లెక్క కాదు. కాబట్టి ఎవరి పని వారు పూర్తిగా ముగించి, చివరికి జిగురుతో కలపాలి తప్ప వేరే దారి లేదు. వియ్యంకులిద్దరూ ఎవరింట్లో వారుండి పిల్లల కాపురం నిలబెట్టినట్టు!

పిడికి కావలసిన కర్ర బాపు ఇచ్చాడు. మా నాయనమ్మ వాడిన చండ్ర రోకలి కొస విరిగి అటక మీద ఉండేది. చండ్ర చేవ నీటికి ఉబ్బదు. ఆ ముక్కను చెక్కి, రెండు పొన్నుల మధ్య కూర్చి, మహర్నవమి నాటి ఆయుధపూజలో కత్తిని పెట్టాం. మర్నాడు అమ్మ దానితో మొదట తరిగింది బీరకాయ. "బరువున్నది. చేతిలో ఉన్నట్టున్నది" అన్నది. తమ్ముడికి అంతకన్న ఏం కావాలి!

కోనసముద్రం

ఆ సాయంత్రం కత్తిని తిప్పి తిప్పి చూసి బాపు ఒక మాట అన్నాడు. "గీ చారల కోసమేనా గింత తిప్పలు? మా ఊరి చెరువుకట్ట పొంట చిట్టెం రాళ్ళు కుప్పలు కుప్పలు ఉండె. ఎవలు చేసిన్రో, ఎందుకు చేసిన్రో మాకెవ్వరు చెప్పలే."

మాది మెట్‌పల్లి దగ్గరి పల్లె. చిట్టెం అంటే ఇనుము కరిగించగా మిగిలిన మడ్డి. మెట్‌పల్లి పక్కనే నిజామాబాదు జిల్లా కమ్మర్‌పల్లి మండలంలో కోనసముద్రం అనే ఊరు ఉంది. 1820 ప్రాంతాల్లో సర్వే శాఖలో పనిచేసిన వాయిసీ అనే ఇంగ్లీషు వైద్యుడు ఆ ఊళ్ళో ఉక్కు చేయడం కళ్ళారా చూసి వ్రాసి పెట్టాడు. 1832లో అది బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. మెట్‌పల్లి ఇనుము మూడు పాళ్ళు, కొండాపురం ఇనుము రెండు పాళ్ళు కలిపి మూసలో పెట్టేవారట. తెలంగాణలో దొరికిన పాత మూసల మట్టిలో వరి ఊక కలిపిన ఆనవాళ్ళు ఉన్నాయి. మన పొలంలో ఊక, మన కొండల ఇనుము, మన కమ్మరుల చెయ్యి.

వాయిసీ వ్రాసినదానిలో నన్ను పట్టి నిలిపింది మరొకటి. ఇస్ఫహాన్ నుంచి వచ్చిన హాజీ హుసేన్ అనే పర్షియా వర్తకుడు అప్పుడు ఆ ఊళ్ళో మకాం వేసి ఉన్నాడు. అంతకు ముందు ఒకసారి వచ్చి, ఉక్కు కొనుక్కుపోయి, తన దేశంలో అమ్ముకుని, మళ్ళీ కొనడానికి వచ్చాడు. ప్రతి ముద్దనూ దగ్గరుండి తూకం వేయించుకునేవాడు. సముద్రం దాటి ఒక పల్లెటూరికి రెండోసారి రావాలంటే ఆ సరుకు మీద ఎంత గురి ఉండాలి!

ఆ తరువాత నూరేళ్ళు కాకముందే కోనసముద్రం కొలుములు ఆరిపోయాయి. విదేశాల నుంచి చవక ఉక్కు ఓడల్లో దిగింది. అడవులు తగ్గి బొగ్గు ప్రియమైంది. తుపాకులు వచ్చాక కత్తులకు గిరాకీ పోయింది. మన కమ్మరులకు పని మరిచిపోయే జబ్బేమీ రాలేదు. కొనడానికి వచ్చే మనిషి రావడం మానేశాడు. అంతే. ఆ తరువాత ఫారడే వ్యాసాలు, వెర్హోవెన్ ప్రయోగాలు ఎన్ని వచ్చినా, నాన్న చేతి కింద కొడుకు నేర్చుకునే వరుస తెగిపోయాక తిరిగి అతకలేదు. మూస ఉక్కును ఇప్పుడు మళ్ళీ చేస్తున్నవారు ఉన్నారు, అయితే వాళ్ళు పుస్తకాలూ ప్రయోగశాలలూ చూసి నేర్చుకున్నవారు.

బీదరు పని ఇంకా అక్కడిదాకా రాలేదు. 2006లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. బీదరు పనివారు షా రషీద్ అహ్మద్ ఖాద్రీ గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. మా పెద్దాయన ఇంట్లో మాత్రం పెద్దకొడుకు ఫోన్ల దుకాణం పెట్టుకున్నాడు, చిన్నవాడు సగం రోజు ఈ పని, సగం రోజు ఆటో. "మట్టి రుచి చిన్నోడికి తెలుసు. రేపు మట్టి నాలుక మీద వేసుకోవాలా వద్దా అన్నది వాడి చేతిలో లేదు, మీ చేతిలో ఉంది" అన్నాడు ఆయన.

కొనేవారికి నాలుగు మాటలు

డమాస్కస్ కత్తి కొనేటప్పుడు వీపు చూడండి. పక్కన ఉన్న చార వీపు మీదుగా రెండో వైపుకు దిగాలి. పక్కలకే ఉండి వీపు నున్నగా ఉంటే అది పైన అచ్చువేసిన బొమ్మ. చారలున్నంత మాత్రాన కత్తి ఎక్కువ తెగుతుందనుకోకండి. తెగడం ఉక్కును బట్టి, పదును పట్టించిన తీరును బట్టి ఉంటుంది. చింతపండు, నిమ్మకాయ తగిలిన వెంటనే కడిగి తుడవాలి, లేకపోతే మచ్చ పడుతుంది. ఆవకాయ ముక్కలు మాత్రం దీనితో కొట్టకండి, టెంక దెబ్బకు సన్నని అంచు చిట్లుతుంది. బీదరు వస్తువును నీళ్ళలో నానబెట్టవద్దు, చింతపండుతో తోమవద్దు. పొడిగుడ్డతో తుడిచి అప్పుడప్పుడు ఒక చుక్క కొబ్బరినూనె రాస్తే నలుపు నిలుస్తుంది.

సెలవుల్లో హైదరాబాదు వచ్చేవారికి బీదరు మూడు గంటల ప్రయాణం. పిల్లలను తీసుకుని ఉదయమే బయలుదేరండి. మహమూద్ గవాన్ 1472లో కట్టించిన మదరసా చూడండి, కోట చూడండి. తరువాత ఏదో ఒక పనివారి గుమ్మం ఎక్కి, నల్లబరిచే ఘట్టం చూపించమని అడగండి. ఎవరూ కాదనరు. నచ్చితే ఏనుగుబొమ్మతో ఆగకుండా మీ ఇంట్లో రోజూ చేతిలోకి వచ్చే వస్తువు ఏదైనా చేయించుకోండి - ఒక తాళాల గుత్తి, ఒక కలం, ఒక కత్తి పొన్ను. అడిగిన ధర ఇచ్చి, అడిగినన్ని రోజులు ఆగండి. ఆ వస్తువు మీకు నచ్చితే, ఇస్ఫహాన్ వర్తకుడిలా రెండోసారి కూడా రండి.